బయటి తాత, లోపలి తాత

"అన్నంల వాన పడుతుంది. జెర గొడుగన్న పట్టుకో."

శ్యామలమ్మ చాచిన గొడుగును భద్రయ్య అందుకోలేదు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని, పళ్ళెం ఒళ్ళో పెట్టుకొని, తాపీగా పప్పన్నం కలుపుకుంటున్నాడు. సన్నటి జల్లు ఆయన బట్టతల మీద పడి చెవుల పక్కనుంచి జారుతోంది.

గృహప్రవేశం జరిగిన పొద్దుటి నుంచీ ఇదే తంతు. కొడుకూ కోడలూ కట్టుకున్న కొత్త ఇల్లు ఎదురుగానే ఉంది. ఈయన మాత్రం ఆవరణలోని రేకుల షెడ్డులో పడుకుంటాడు, ఆకలేస్తే ఈ కుర్చీలోకి వస్తాడు. అల్వాల్‌లో ఆ వీధి వాళ్ళకు కబుర్లకు కరువు తీరింది. కోడలు ముసలాయన్ని వెళ్ళగొట్టిందని సగం మంది, ఆస్తి తగాదా అని మిగతా సగం మంది చెప్పుకుంటున్నారు.

"లోపలికొచ్చి తింటే ఏం బోతది?" అంది శ్యామలమ్మ.

"దర్వాజ తీసెయ్యమను. అప్పుడొస్త."

"పెద్ద దర్వాజ తీసేస్తే ఇల్లేముంటది? నోరులేని మొకం లెక్కుంటది."

"ఉండనీ. జెర పచ్చడెయ్యి."

శ్యామలమ్మ పచ్చడి వేసింది. పెళ్ళయిననాటి నుంచి ఆ మనిషితో వాదించి గెలిచింది లేదు. ఓడిపోయినప్పుడల్లా ఇంకో గరిటె వడ్డించడం అలవాటైపోయింది.

లోపల కిటికీ దగ్గర నిలబడి ఊర్మిళ ఇదంతా వింటూనే ఉంది. వినీ వినీ ఓపిక నశించి బయటికి వచ్చింది.

"మామయ్యా, రేపు పొద్దున సొసైటీ వాళ్ళొస్తున్నరు. మీరు గిట్ల వానల కూసుంటే వాళ్ళేమనుకుంటరు?"

"రానీ. ఇల్లు బ్రహ్మాండంగున్నదని నేనే చెప్త."

"బ్రహ్మాండంగ ఉంటే లోపలికెందుకు రారు?"

భద్రయ్య ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమలడం అయ్యేదాకా జవాబు రాదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

ఊర్మిళకు ఆ ఇల్లంటే ప్రాణం. ఆర్కిటెక్టు చదువు చదివి, ఊళ్ళో వాళ్ళకు ఇళ్ళు గీసిచ్చీ గీసిచ్చీ, చివరికి తన కోసం ఒకటి కట్టుకుంది. కట్టుకుంది అనడం కన్నా ఏరుకుంది అనడం సబబు. ఇటుకలు కూలిపోయిన బియ్యం గోదాంవి. నేల మీది షాబాదు బండలు మూతపడ్డ హోటల్‌వి. కిటికీలు తలొక ఇంటివి, దూలాలు మరెవరివో. పగిలిన పెంకుల్ని కూడా పారేయనివ్వలేదు, దంచి స్నానాల గది గోడకు వేయించింది. ఒక పాత ఇల్లు పడిపోతే దాని ఒళ్ళంతా చెత్తకుప్పకు పోకూడదు, ఇంకో ఇంట్లో బతకాలి. అదీ ఆమె పంతం. మామ చూస్తే రాంగోపాల్‌పేట్‌లో డిపో పెట్టి, పాత ఇళ్ళు కూలగొట్టి సామాను అమ్మిన మనిషి. ఈ మామకు ఆ కోడలే తగినదని పెళ్ళిలో చుట్టాలు నవ్వుకున్నారు కూడా.

రేపు రాబోయేది ఇళ్ళు కట్టుకోబోతున్న ముప్పై కుటుంబాల సొసైటీ. ఊర్మిళ ఇల్లు చూసి సరేనంటే వాళ్ళ ఇళ్ళన్నీ ఇలాగే లేస్తాయి. వాళ్ళ భయం ఒక్కటే. ఎవరింటి తలుపో, ఆ ఇంట్లో ఏం జరిగిందో అని. ఆ మాట ఎవరన్నా ఊర్మిళ ఒకటే జవాబు చెప్పేది. చెక్కకు జ్ఞాపకం ఉండదండీ అని.

"ఊరంత భయపడ్తదంటే నేను నచ్చజెప్పుకుంట," అంది ఊర్మిళ. "మా ఇంట్ల పెద్దమనిషే పాత దర్వాజకు భయపడ్తే నేనెవరికి చెప్పాలె మామయ్యా?"

భద్రయ్య మొదటిసారి తలెత్తాడు. "పాతదానికి నేను భయపడ్తనా బిడ్డా? నా పెండ్లి మంచం సుత కూలగొట్టిన ఇంట్ల నుంచి తెచ్చుకున్నదే."

"ఇప్పుడా ముచ్చటెందుకు?" అని శ్యామలమ్మ కసురుకుంది.

"పాతదని కాదు. ముందుగాల తీసిన దర్వాజ అది."

"అంటే?"

భద్రయ్య చెయ్యి కడుక్కున్నాడు. తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. "ఇల్లు కూలగొట్టేటప్పుడు ముందుగాల కప్పు. ఎన్క కిటికీలు, లోపలి తలుపులు. పెద్ద దర్వాజ అన్నిటికన్న ఆఖరికి. దాని ముందట నిలబడి లోపలికి పిలుస్తం. ఎవరన్న ఉంటే బయటికి రండ్రి, దర్వాజ తీస్తున్నం అని. మా నాయిన పిలిచిండు, నేను పిలిచిన. ఇంట్ల ఉన్నోళ్ళు దర్వాజ నుంచే రావాలె గదా. అది ముందే తీస్తే వాళ్ళెటు పోవాలె? ఇగ దర్వాజ ఎటు పోతే అటే పోతరు."

"ఎవరు?"

"ఎవరుంటే వాళ్ళు."

జల్లు ఆగింది. షెడ్డు రేకుల మీంచి నీళ్ళు కారుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

"ముందు తీసిండ్రని మీకెట్ల తెలుసు?" అంది ఊర్మిళ.

"ఆఖరికి తీస్తే చుట్టు గోడ వదులైతది, పట్టుకుంటే వస్తది. ముందు తియ్యాలంటే గడ్డపార పెట్టి పెకలాలె. కింద రెండు దిక్కుల గాట్లున్నయి. గృహప్రవేశం నాడు గడపకు దండం పెడ్తుంటే చేతికి తాకినయి."

ఊర్మిళ వెనక్కి తిరిగి చూసింది. భర్త తిరుమల్ గేటు దగ్గర బండి తుడుస్తున్నాడు. తండ్రి తర్వాత డిపో నడిపేది అతనే. చాలాసేపటి నుంచి ఒకే అద్దాన్ని తుడుస్తున్నాడు.

"తిరుమల్?"

"ముహూర్తం దగ్గరికొచ్చింది," అన్నాడు తిరుమల్, అద్దంలోకే చూస్తూ. "వడ్ల బ్రహ్మచారి రంద పట్టాలె, అతుకులెయ్యాలె, నిలబెట్టాలె. ఆయనకు టైం గావాలె. నువ్వు సుత రోజు ఫోన్ జేసి దర్వాజేది దర్వాజేది అంటివి. ముందే తీసి పంపిన. మిగతా పనంత ఎన్క దిక్కు నుంచి జేసినం."

"పిలిచినవా?" అని అడిగాడు భద్రయ్య.

"దర్వాజనే లేని ఇంటి ముందట నిలబడి ఏమని పిలవాలె నాయినా?"

తండ్రి తువ్వాలు భుజాన వేసుకున్నాడు. తిట్టినా బాగుండేది. ఆయన తిట్టకపోవడం చూసి తిరుమల్‌కు మొదటిసారి భయం వేసింది.

ఊర్మిళకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. "ఎవ్వలు లేరు. ఖాళీ ఇల్లు అది. ఆ ఇంటామె రోసమ్మ గారు అమ్ముకొని బిడ్డ దగ్గరికి పోయింది. తాళం నేనే తీసుకున్న. చెక్క అది మామయ్యా. చెక్కకు జ్ఞాపకం ఉండదు."

అప్పుడే ఇంటి పక్క సందులోంచి ఊర్మిళ కూతురు లాస్య వచ్చింది. రెండో తరగతి చదివే పిల్ల, ఒట్టి కాళ్ళు, మోకాళ్ళ దాకా బురద. మళ్ళీ వంటింటి తలుపు నుంచే వచ్చింది. గృహప్రవేశం నాటి నుంచి పిల్ల ఒక్కసారి కూడా పెద్ద దర్వాజ దాటలేదు. కోపమంతా దాని మీదికి మళ్ళింది.

"ముందు తలుపు నుంచి రావాలని నీకెన్నిసార్లు చెప్పాలె? అటంత బురద. తాతను జూసి నేర్చుకున్నవా?"

"నేను తాతను జూసి నేర్చుకోలే."

"మరెందుకు అటు రావు?"

"అక్కడ తాత కాళ్ళు సాపుకొని కూసుంటడు. పెద్దోళ్ళ కాళ్ళు దాటొద్దని నానమ్మ చెప్పింది గదా."

ఊర్మిళ కుర్చీలో ఉన్న మామను చూసింది. "తాత అక్కడెప్పుడు కూసున్నడు? గడప సుత ఎక్కలే."

"ఈ తాత కాదు." లాస్యకు విసుగొచ్చింది. పెద్దవాళ్ళకు ప్రతీదీ విడమరిచి చెప్పాలి. "ఈ తాత లోపలికి రాడు. ఆ తాత బయటికి పోడు. ఈయన బయటి తాత, ఆయన లోపలి తాత."

శ్యామలమ్మ చేతిలోని పచ్చడి గిన్నె మూత జారి బండ మీద పడి గిరగిరా తిరిగింది.

"ఎట్లుంటడు బిడ్డా?" అని అడిగాడు భద్రయ్య. కథ చెప్పించుకుంటున్నంత మామూలుగా అడిగాడు.

"తెల్ల బనీను. ఒక కాలు లావుగ ఉంటది, దానికి గుడ్డ కట్టుకుంటడు. తలుపు చప్పుడైతే 'ఎవరండీ' అంటడు. పొద్దుగూకినంక తలుపు జెర తీసి చూస్తడు. ఎవరి కోసమో చూస్తడు, మల్ల కూసుంటడు."

పొద్దుగూకినప్పుడు తలుపు తనంతట తాను బెత్తెడు తెరుచుకోవడం ఇంట్లో అందరూ చూశారు. వానాకాలం, చెక్క ఉబ్బింది, బ్రహ్మచారిని పిలిచి సరిచేయించాలి అని ఊర్మిళే చెప్పింది. ఇప్పుడూ అదే చెబుదామని నోరు తెరిచింది. అప్పుడే ఆమె చూపు గుమ్మంలోంచి లోపలి నేల మీద పడింది.

పొద్దుటి నుంచి వాన. అందరూ లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉన్నారు. నల్లటి బండల మీద బురద అడుగులు ఆరి తెల్లగా కనిపిస్తున్నాయి. తిరుమల్ బూట్లు, శ్యామలమ్మ చెప్పులు, తన పాదాలు. అన్ని అడుగులూ గడప దాటగానే ఎడమవైపుకు ఒంగి, గోడ పక్కనుంచి సాగి, మళ్ళీ నడిమికి వచ్చాయి. కుడివైపున, పేము కుర్చీ వేసిన చోటు నుంచి గడప దాకా, ఒక మనిషి కాళ్ళు చాపుకునేంత మేర బండ శుభ్రంగా ఉంది. అక్కడ ఎవరూ అడుగు పెట్టలేదు.

తాను కూడా పెట్టలేదు. తన అడుగులు కూడా ఒంగి ఉన్నాయి.

తన కాళ్ళు తనకు తెలియకుండా ఎవరికో దారిస్తున్నాయి. ఈ ఇంట్లో ఆమె ఎంచి పెట్టని రాయి లేదు, ఆమెకు తెలియని మూల లేదనుకుంది.

"తిరుమల్," అంది. "రోసమ్మ గారి బిడ్డ గ్రేసీ గారికి ఫోన్ చెయ్యి."

* * *

సాయంత్రం బేగంపేట నుంచి క్యాబులో తల్లీకూతుళ్ళు వచ్చారు. గ్రేసీ బడిలో టీచరు. ఆ దర్వాజ ఒకప్పుడు రాంగోపాల్‌పేట్‌లో వాళ్ళ ఇంటిదే. దిగుతూనే మొహం గంటు పెట్టుకుంది.

"మేము విశ్వాసులమండీ, ఊర్మిళ గారూ. ఇలాంటివి మేము నమ్మం. మా నాన్నగారు నోవహు గారు ప్రభువు దగ్గర ఉన్నారు. తలుపు చూడాలని అమ్మ పట్టుబట్టింది కాబట్టి తీసుకొచ్చాను."

వెనక సీట్లోంచి తల్లి రోసమ్మ దిగింది. బక్కపలచటి మనిషి, తెల్లటి నేత చీర, చేతిలో చిన్న సంచి. గుమ్మం ఎదుట ఆగి, పై చెక్క నుంచి కింది దాకా తడిమి చూసింది. చిన్నప్పుడు దూరమైన పిల్లాణ్ణి చూసినట్టు చూసింది.

"మీ వారికి కాలికి ఏమన్నా...?" ఊర్మిళ మాట పూర్తి చెయ్యలేకపోయింది.

"బోదకాలమ్మా. ఎడమ కాలు. చివరి రోజుల్లో నడవలేకపోయేవారు. గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని, కాళ్ళు చాపుకుని కూర్చునేవారు. నేనప్పుడు బడిలో పంతులమ్మను, వచ్చేసరికి చీకటి పడేది. తలుపు కాస్త తీసి వీధిలోకి చూస్తుండేవారు."

గ్రేసీ తల్లి భుజం పట్టుకుంది. "అమ్మా, వద్దు."

భద్రయ్య కుర్చీలోంచి లేచాడు. లుంగీ సవరించుకొని, గడపకు ఇవతల నిలబడి, పనివాళ్ళ గొంతుతో లోపలికి పిలిచాడు. "లోపల ఎవరన్న ఉంటే బయటికి రండ్రి! దర్వాజ తీస్తున్నం!" మళ్ళీ పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. అల్వాల్ స్టేషన్ దాటుతున్న రైలు కూత తప్ప జవాబుగా ఏమీ రాలేదు.

అందరూ లాస్య వైపు చూశారు.

"ఆయన లేస్తలేడు," అంది లాస్య. "నువ్వెవరో ఆయనకు తెల్వది గదా తాతా."

భద్రయ్య మొహం చిన్నబోయింది. ఎన్ని ఇళ్ళ ముందు నిలబడి పిలిచాడో, ఆ ఇళ్ళల్లో ఎవరికి ఆయన తెలుసని?

రోసమ్మ సంచి కూతురికిచ్చి గడప దగ్గరికి వచ్చింది. గడప దాటలేదు. కుడివైపుకు కాస్త ఒంగి, ఇంటి మనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది.

"ఏవండీ, లేవండి. నేనొచ్చాను. ఇక్కడెంతసేపు కూర్చుంటారు, ఎవరిల్లో ఏమిటో. పదండి, గ్రేసీ వాళ్ళింటికి పోదాం." కాసేపు ఆగింది. "చెప్పులు లేకపోతే పోయాయి. బండి గుమ్మం దాకా వచ్చింది. నా భుజం పట్టుకోండి."

ఎడమ భుజం కాస్త కిందికి దించింది. తర్వాత తిరిగి నడిచింది. ఒక్కో అడుగూ ఆగి ఆగి వేసింది. మెట్టు దగ్గర "మెల్లిగా" అంది. వాకిట్లో ఉన్నవాళ్ళంతా ఎవరూ చెప్పకుండానే అటూ ఇటూ జరిగి దారిచ్చారు. గ్రేసీ కూడా జరిగింది. జరిగిన సంగతి తెలుసుకొని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

క్యాబు వెనక తలుపు తీసి రోసమ్మ చాలాసేపు పట్టుకొని నిలబడింది. లోపలికి చెయ్యి పెట్టి ఏదో సర్దింది. అప్పుడు ఆ తలుపు వేసి, చుట్టూ తిరిగి అవతలి వైపు ఎక్కింది.

గ్రేసీ ముందు సీట్లో కూర్చుంది. డ్రైవరు అద్దంలోకి చూసి అడిగాడు. "పోదామా మేడమ్? అందరు ఎక్కిండ్రా?"

గ్రేసీ కిటికీ వైపు తిరిగింది. వెనకనుంచి రోసమ్మే చెప్పింది. "అందరం ఎక్కాం బాబూ."

* * *

క్యాబు మలుపు తిరగ్గానే లాస్య కేక పెట్టి పెద్ద దర్వాజ నుంచి లోపలికి ఉరికింది. మళ్ళీ బయటికి ఉరికింది. గడప మీద ఎక్కి నిలబడితే శ్యామలమ్మ రెక్క పట్టి దింపింది.

భద్రయ్య కాళ్ళు కడుక్కొని, గడపకు దండం పెట్టి, కుడికాలు లోపల పెట్టాడు. ఇల్లంతా తిరిగి చూశాడు. ఒక్కో కిటికీ దగ్గర ఆగి, అది ఏ వీధిలో ఏ ఇంటిదో చెప్పాడు. గోదాం ఇటుకల గోడను అరచేత్తో చరిచి, "మంచిగ కట్టినవ్ బిడ్డా," అన్నాడు.

ఊర్మిళకు ఏడుపొచ్చింది. వంటింట్లోకి పోయి, పొయ్యి మీద టీ పెట్టి, ఎవరూ చూడకుండా ఏడ్చింది. మామ నోటి నుంచి ఆ మాట వినాలని ఎంతగా ఎదురు చూసిందో ఆమెకే అప్పుడు తెలిసింది.

ఆ రోజు చీకటి పడుతుండగా అందరూ హాల్లో కూర్చొని, మాట్లాడుకుంటున్నట్టు నటిస్తూ, దర్వాజనే చూశారు. తలుపు కదల్లేదు. ఒట్టి టేకు తలుపు. ఊర్మిళకు హాయిగా ఉండాలి. ఉంది కూడా. కానీ ఏదో తీసేసిన చోటు చూస్తున్నట్టు కాస్త వెలితిగా అనిపించింది, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

పొద్దున సొసైటీ వాళ్ళు వచ్చారు. పెద్దాయన సత్యదేవ్, ఏదో సర్కారు ఆఫీసులో ఇంజనీరుగా రిటైరైన మనిషి. వెంట మరో ఇద్దరు. గోడలు తట్టి చూశారు, దూలాలు చూశారు, స్నానాల గదిలో పెంకుల గోడను ఫోటో తీసుకున్నారు. చివరికి సత్యదేవ్ గుమ్మం పక్కనున్న పేము కుర్చీలో కూర్చొని టీ కప్పు అందుకున్నాడు.

"ఇల్లు బాగుందమ్మా. చల్లగుంది. నాకైతే నచ్చింది," అన్నాడు. "ఒక్కటే అడుగుతా, సీదాగ చెప్పు. ముప్పై ఇండ్లల్ల ఆడవాళ్ళు, ముసలోళ్ళు అడిగేది ఇదే. పాత ఇంటి తలుపు తెచ్చుకుంటే దాంతోపాటు ఇంకేమన్న వస్తదంటరు. మీ ఇంట్ల అసొంటిదేమన్న ఉన్నదా?"

ఎదురుగా భద్రయ్య టీ గ్లాసు చేతిలో పట్టుకొని కూర్చున్నాడు. తిరుమల్ నేల చూపులు చూస్తున్నాడు. ఊర్మిళ నవ్వింది. ఈ ప్రశ్నకు జవాబు ఆమె నోట్లో ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది.

"అంకుల్, చెక్కకు..."

గేటు చప్పుడైంది.

రోసమ్మ వస్తోంది. చేతిలో నిన్నటి చిన్న సంచి కాదు, బట్టల సంచి. ఎడమ భుజం కిందికి దించి, ఒక్కో అడుగూ ఆగి ఆగి వేస్తోంది. వెనక గ్రేసీ, తల దువ్వుకోలేదు, కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

ఊర్మిళ గబగబా గుమ్మం దగ్గరికి పోయింది.

"ఆయన నిన్నటి నుంచి నిలబడే ఉన్నారమ్మా," అంది రోసమ్మ. "ఇనుప తలుపు, లిఫ్టు. గ్రేసీ వాళ్ళ ఫ్లాటులో ఎక్కడ కూర్చోవాలో ఆయనకు తెలియడం లేదు. కూర్చోండి అంటే, ఇక్కడ గుమ్మమేది అంటారు. కాలు చూస్తే ఇంత లావయింది."

"నేను నమ్మను ఊర్మిళ గారూ," అంది గ్రేసీ. గొంతు తగ్గించడానికి ప్రయత్నించింది కానీ హాల్లో అందరికీ వినబడింది. "ఇప్పటికీ నమ్మను. అమ్మ మాత్రం మెతుకు ముట్టడం లేదు. ఆయన నిలబడి ఉంటే నేనెట్లా కూర్చుని తినను అంటుంది. పొద్దున మా పనావిడ వచ్చి హాలు తుడిచింది. మధ్యలో ఒక చోటు వదిలేసి చుట్టూ తుడిచింది. అక్కడెందుకు తుడవలేదంటే, ఏమో అక్కా, నాకే తెలవదు అంది." ఆమె కళ్ళ నీళ్ళు తిరిగాయి. "నేనేం చెయ్యను? చెప్పండి, నేనేం చెయ్యను?"

రోసమ్మ లోపలున్న కొత్త మనుషుల్ని చూసి కొంగు సర్దుకుంది. బడిలో పెద్ద పంతులమ్మను అనుమతి అడిగినంత మర్యాదగా అడిగింది.

"లోపలికి రావచ్చా అమ్మా? ఇద్దరం."

హాల్లో సత్యదేవ్ టీ కప్పు మోకాలి మీద పెట్టుకున్నాడు.

ఊర్మిళ వెనక్కి తిరిగి మామను చూసింది. భద్రయ్య లేచి నిలబడి ఉన్నాడు. జీవితమంతా లోపలున్న వాళ్ళను బయటికి పిలిచిన మనిషి. లోపలికి వస్తామని అడిగినవాళ్ళు ఆయనకూ కొత్తే. ఆయన కోడలి వైపే చూస్తున్నాడు. నీ ఇల్లు, నీ ఇష్టం అన్నట్టుంది ఆ చూపు.

వద్దంటే సరిపోతుంది. పాపం పెద్దావిడ, మనసు బాగాలేదు అని సత్యదేవ్‌కు ఒక మాట చెబితే ఆయన తల ఊపుతాడు. ముప్పై ఇళ్ళు లేస్తాయి. లాస్య రేపు కూడా ఈ గడప మీంచే బడికి పోతుంది. ఇన్నేళ్ళ కష్టం నిలబడుతుంది.

ఊర్మిళకు భయమేసింది. ఆ భయం అడుగున సిగ్గు కూడా వేసింది. ఆ ఇంటి ప్రతి ఇటుకకూ ఒక చోటు వెతికింది. పగిలిన పెంకుకు కూడా గోడ మీద చోటిచ్చింది. ఆ గుమ్మంలో ఎవరు కూర్చునేవారు, వాళ్ళెక్కడికి పోతారు అని మాత్రం ఎవరినీ అడగలేదు.

అది రెండు రెక్కల తలుపు. ఒక రెక్కే తెరిచి ఉంది, ఒక మనిషికి అది చాలు. ఊర్మిళ ఒంగి కింది గడియ ఎత్తింది. తడికి బిగుసుకున్న రెండో రెక్కను రెండు చేతులా గుంజి బార్లా తెరిచింది.

"రండి," అంది. తర్వాత పక్కకు జరిగి, చాలా జరిగి, మళ్ళీ అంది. "రండి, మెల్లిగ. మెట్టున్నది."

రోసమ్మ భుజం దించి గడప దాటింది.

లాస్య లోపలి గదిలోంచి పరుగెత్తుకొచ్చి పేము కుర్చీ ముందు నిలబడింది. రెండు చేతులూ వెనక్కి కట్టుకొని, సత్యదేవ్‌ను చూసి మర్యాదగా అడిగింది.

"అంకుల్, జెర లేస్తరా? తాత వచ్చిండు."

సత్యదేవ్ పిల్లను చూశాడు. పక్కన నిలబడి ఎవరినో కూర్చోబెట్టడానికి ఎదురుచూస్తున్న రోసమ్మను చూశాడు. టీ కప్పు కింద పెట్టి లేచాడు. బయటికి నడిచాడు. వెంట వచ్చిన ఇద్దరూ కప్పులు వదిలేసి ఆయన వెనకే కదిలారు.

గడప దగ్గర ముగ్గురూ ప్యాంట్లు కాస్త పైకెత్తి, కుర్చీకి అవతలి గోడ పక్కకు ఒదిగి, ఒకరి వెనక ఒకరు దాటారు. అలా ఎందుకు దాటారో వాళ్ళకు తెలియదు. ఊర్మిళ ఆ అడుగులనే చూస్తూ నిలబడింది.

వాకిట్లో భద్రయ్య ప్లాస్టిక్ కుర్చీ ఖాళీగా ఉంది. సత్యదేవ్ దాని దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, బార్లా తెరిచిన ఆ దర్వాజ వైపు చూశాడు. తర్వాత గేటు వైపు చూశాడు. ఎటూ కదలకుండా అక్కడే నిలబడ్డాడు.